కడప బండను ఇంట్లోనే చేత్తో పాలిష్ చేసుకోవడం ఎలా?

వంటింటి అరకో, పెరట్లో అరుగుకో రెండడుగుల కడప బండ ముక్క ఒకటి ఉందనుకోండి. అంత చిన్న పనికి పాలిష్ మిషన్ వాళ్లు ఓ పట్టాన రారు. వాళ్లు రాకున్నా నష్టం లేదు. పెయింట్ల కొట్లో దొరికే నల్లటి వాటర్ పేపరు (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం), చేతిలో ఇమిడే చెక్క ముక్క, బక్కెట్ నీళ్లు ఉంటే చాలు. ఓపిక మాత్రం బాగా కావాలి.

ముందు అది ఏ రాయో తేల్చుకోండి. కడప, తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాయి జాతివి. వెనకవైపు చాకు మొనతో గీస్తే గీత పడుతుంది. పడకపోతే అది గ్రానైటు అయి ఉండొచ్చు. చీమకుర్తి గ్రానైటును చేత్తో రుద్దుతూ కూర్చుంటే అరిగేది మన భుజాలే, దాన్ని మిషన్‌కే వదిలేయండి.

బండ మీద గుంటలుంటే అదే రాతి పొడిని అరాల్డైట్ జిగురులో కలిపి పూడ్చి, ఒక రోజు ఆరనివ్వాలి.

ఇక అరగదీయడం. 120 నెంబరు పేపరుతో మొదలుపెట్టి 220, 400, 800, 1000 వరకు వెళ్లాలి (నెంబరు పెరిగేకొద్దీ పేపరు గరుకు తగ్గుతుంది). పేపరును చెక్కకు చుట్టి, బండ ఎప్పుడూ తడిగా ఉండేలా నీళ్లు చిలకరిస్తూ రుద్దండి. పొడిగా మాత్రం రుద్దొద్దు, ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకు చేటు. రుద్దేముందు బండంతా పెన్సిల్‌తో అడ్డం నిలువు గీతలు గీయండి. గీతలు ఎక్కడ మిగిలాయో అక్కడ పేపరు తగల్లేదన్నమాట.

ఒక నెంబరుతో నిలువుగా రుద్దితే తర్వాతి నెంబరుతో అడ్డంగా రుద్దాలి. పాత గీతలన్నీ పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. బండను తుడిచి, పూర్తిగా ఆరాక, సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. తడి బండ ఎప్పుడూ మెరుస్తూనే కనబడుతుంది, దాన్ని నమ్మొద్దు. తొందరపడి 120 నుంచి ఒకేసారి 400కి దూకితే ఆ ముతక గీతలు చివరి దాకా వెంటాడతాయి. నెంబరు మారే ప్రతిసారీ బండను, చెక్కను, చేతులను కడిగి, నీళ్లు కూడా మార్చాలి. ఒక్క ముతక రేణువు మిగిలినా మళ్లీ గీతే. ఆ బూడిదరంగు గుజ్జును సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది, మట్టిలో పారబోయండి.

కాళ్లు పెట్టి నడిచే బండ అయితే 400 దగ్గరే ఆగండి. అంతకంటే నునుపైతే తడికి జారుతుంది. అరకైతే 1000 దాకా వెళ్లొచ్చు. అప్పుడు పట్టులాంటి మెరుపు వస్తుంది. అద్దంలా ముఖం కనిపించాలంటే మిషన్ తప్పదు.

చివరగా మైనం. ఒక వంతు తేనెమైనం, నాలుగు వంతుల లిక్విడ్ పారాఫిన్ (మందుల షాపులో దొరుకుతుంది) గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టొద్దు. చల్లారాక పలుచగా రాసి, అరగంట ఆగి, పాత నూలు పంచె ముక్కతో గట్టిగా రుద్దండి. బండ రంగు నల్లగా తేరుతుంది.

చింతపండు పులుసు, నిమ్మరసం పడితే వెంటనే తుడిచేయాలి. బాత్రూం యాసిడ్ దగ్గరికే రానివ్వొద్దు. ఎక్కడైనా తెల్లటి మచ్చ పడితే, అక్కడి వరకే 800, 1000 పేపర్లతో తడిగా రుద్ది మళ్లీ మైనం రాస్తే సరిపోతుంది.