వుల్ఫ్‌డాగ్ కొనేముందు శాతం కాదు, బెదురు చూడండి

వుల్ఫ్‌డాగ్ అంటే కుక్కకూ తోడేలుకూ సంకరం. దాని పిల్లను చూడటానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది "ఇందులో తోడేలు ఎంత శాతం?" అని. అమ్మేవాళ్లకూ ఆ ప్రశ్నే కావాలి. శాతం ఎక్కువ చెబితే ధర ఎక్కువ చెప్పొచ్చు. ఆ అంకెను బట్టి మాత్రం కుక్క మీ ఇంట్లో ఎలా ఉంటుందో తేలదు. తోడేలు పూర్వీకం లెక్కలోకి రాదని కాదు, వస్తుంది. కొత్తదాన్ని చూసి బెదరడంలో, ఒంటరిగా ఉండలేకపోవడంలో, కంచె దాటడంలో, ఊరి చట్టంలో వస్తుంది. కొనేముందు చూసుకోవాల్సినవి ఆ నాలుగే.

మూలం ఒకటే, కుక్కలు వేరు

అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ గుర్తించిన తోడేలు సంకర జాతులు రెండు: సార్లోస్ వుల్ఫ్‌డాగ్ (ప్రమాణం నంబరు 311), చెకోస్లొవేకియన్ వుల్ఫ్‌డాగ్ (నంబరు 332). రెండూ జర్మన్ షెపర్డ్‌ను తోడేలుతో కలిపితే వచ్చినవే.

నెదర్లాండ్స్‌లో లీండర్ట్ సార్లోస్ 1930లలో తన జర్మన్ షెపర్డ్ గెరార్డ్‌ను రోటర్‌డామ్ జంతు ప్రదర్శనశాల నుంచి వచ్చిన ఆడ తోడేలుతో కలిపాడు. నీరసపడిపోతున్న షెపర్డ్ జాతికి పాత సత్తువ తేవాలని ఆయన ఆశ. పుట్టిన పిల్లలు సత్తువగానే ఉన్నాయి గానీ, కొత్త మనిషిని చూస్తే మీద పడటం పోయి వెనక్కి తగ్గేవి. కాపలాకు కుదరలేదు. ఆయన 1969లో పోయాక, 1975లో డచ్ కెన్నెల్ క్లబ్ ఆ కుక్కలను జాతిగా గుర్తించి ఆయన పేరే పెట్టింది. ఇవాళ్టికీ కొత్తవాళ్లకు దూరంగా జరగడం సార్లోస్ జాతి లక్షణమే.

చెకోస్లొవేకియాలో 1955లో మొదలైంది సైన్యం ప్రయోగం. కారెల్ హార్ట్ల్ ఆధ్వర్యంలో బ్రిటా అనే కార్పాతియన్ ఆడ తోడేలును సీజర్ అనే జర్మన్ షెపర్డ్‌తో కలిపారు. 1958 మే 26న తొలి ఈత పిల్లలు పుట్టాయి. సరిహద్దు దళాల పనికి ఒదిగే కుక్కలను ఏరుతూ పోయారు. బెదిరేవాటిని పక్కన పెట్టారు. 1982లో జాతీయ జాతి అయింది. చివరిసారి తోడేలు రక్తం కలిపింది 1983లో. ఎఫ్‌సీఐ పూర్తి గుర్తింపు 1999లో వచ్చింది.

ఒకేలా మొదలైన ఈ రెండింట్లో ఒకటి కొత్తవాళ్లను చూసి తప్పుకుంటే, రెండోది వాళ్లను తేరిపార చూస్తుంది. ఆ తేడా తెచ్చింది ఏరివేత. అందుకే పిల్ల పూర్వీకుల్లో తోడేలు ఎవరన్న ప్రశ్న కన్నా, దాని తల్లిదండ్రులను ఏం చూసి ఎంచుకున్నారన్న ప్రశ్నకు విలువెక్కువ.

ఎఫ్-నంబర్లతో మోసపోకండి

అమ్మకపు ప్రకటనల్లో ఎఫ్1, ఎఫ్3, ఎఫ్5 అని రాస్తారు. ఎఫ్ పక్కనున్న అంకె అసలు తోడేలు నుంచి ఎన్నో తరమో చెబుతుంది, అంతే. ఎఫ్1 అంటే తల్లిదండ్రుల్లో ఒకటి తోడేలు, రక్తం సగం. ఆ ఎఫ్1ను కుక్కతో కలిపితే పిల్లల్లో సగటున 25 శాతం. అదే ఎఫ్1ను మళ్లీ తోడేలుతో కలిపితే 75. ఎఫ్1ను ఇంకో ఎఫ్1తో కలిపితే సగటు 50 దగ్గరే ఆగుతుంది. వుల్ఫ్‌డాగ్‌ను వుల్ఫ్‌డాగ్‌తో కలిపినంతకాలం తరం అంకె పెరుగుతుంది గానీ శాతం తగ్గదు.

పైగా ఇవన్నీ కాగితం మీది సగటులు. రెండో తరం నుంచి ఒకే ఈతలో పుట్టిన నాలుగు పిల్లలకూ తోడేలు వాటా నాలుగు రకాలుగా రావచ్చు. ఏ జన్యువు ఎవరికి దక్కిందన్నది లాటరీ. బెదురు తెచ్చే ముక్క తక్కువ శాతం ఉన్న పిల్లకే రావచ్చు.

ఇక నీలి కళ్లు చూసి "అచ్చం తోడేలే" అంటే నవ్వి ఊరుకోండి. పెద్ద తోడేలు కళ్లు నీలంగా ఉండవు. పసుపు, తేనె రంగుల్లో ఉంటాయి. ఎదిగిన కుక్కకు నీలి కళ్లుంటే అందులో హస్కీ అనే కుక్క జాతి ఉన్నట్టు అనుకోవచ్చు. చాలాచోట్ల వుల్ఫ్‌డాగ్ పేరుతో అమ్ముడుపోయేవి హస్కీ, మలమ్యూట్, షెపర్డ్‌ల కలగలుపే.

చట్టం అడిగేది తరం

శాతంతో పనిలేని చట్టానికి తరంతో పని ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో గడిచిన నాలుగు తరాల్లో తోడేలు ఉంటే ఆ జంతువుకు వన్యప్రాణి నిబంధనలు వర్తిస్తాయి. బ్రిటన్‌లో 1976 నాటి ప్రమాదకర వన్యప్రాణుల చట్టం కింద ఎఫ్1, ఎఫ్2లకు లైసెన్సు కావాలి. నార్వేలో చెకోస్లొవేకియన్ జాతి మొత్తానికే నిషేధం. జాతి పుస్తకంలో నమోదైన చెకోస్లొవేకియన్‌కు యూరప్ నియమంతో ఇబ్బంది లేదు, 1983 నుంచి చాలా తరాలు గడిచాయి. అయితే ఇటలీలో కొందరు అడవి తోడేళ్లతో దొంగచాటుగా కలిపి, పుట్టిన పిల్లలను ఆ జాతి పేరుతోనే అమ్మిన కేసులు పోలీసుల దాకా వెళ్లాయి. వంశపత్రంలో తల్లిదండ్రుల మైక్రోచిప్ నంబర్లున్నాయా, డీఎన్ఏతో తల్లిదండ్రులను నిర్ధారించారా అని అడగండి. "ఫొటో చూస్తే తెలియడం లేదా" అని జవాబొస్తే తిరిగి వచ్చేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ముందే చూసుకోవాల్సింది ఇంకోటుంది. అక్కడ తోడేలు సంకరాలకంటూ లైసెన్సు ఉన్న రేబిస్ టీకా లేదు. పశువైద్యుడి కార్డులో "వుల్ఫ్ హైబ్రిడ్" అని ఉన్న కుక్క ఎవరినైనా కరిస్తే, టీకా వేసినా వేయనట్టే లెక్కగట్టి, చంపి పరీక్ష చేయమని అధికారులు అడగవచ్చు. అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో ఈ జాతి పేరు చెకోస్లొవేకియన్ వల్చాక్. నమోదు పత్రం ఉంటే కార్డులో ఆ పేరే రాయించండి. రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది), అద్దె ఒప్పందం, ఇంటి బీమా వేటికవే విడిగా చదవాలి. రాష్ట్రం ఒప్పుకున్నా కౌంటీ ఒప్పుకోకపోవచ్చు.

ఇండియాలో తోడేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. దేశీ తోడేలుతో కలిపిన పిల్ల అని ఎవరైనా గొప్పగా చెబితే అది నేరం ఒప్పుకోవడమే. 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు పంపిన ప్రమాదకర జాతుల జాబితాలో వుల్ఫ్‌డాగ్‌లూ ఉన్నాయి. ఆ లేఖను ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. చట్టం సంగతి అలా ఉంచితే, రెండు పొరల బొచ్చున్న ఈ కుక్కకు రామగుండం ఎండల్లో రోజంతా ఏసీ గదే గతి. నడవక తప్పని జాతిని గదిలో పెట్టి పెంచడం ఎవరికీ మంచిది కాదు.

తల్లిని చూడకుండా పిల్లను కొనొద్దు

పెంపకందారు దగ్గరికి కనీసం రెండుసార్లు వెళ్లండి. తల్లికి నాలుగైదు మీటర్ల దూరంలో నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి. పిలవొద్దు, కళ్లలోకి చూడొద్దు. పది నిమిషాల్లో అదే వచ్చి వాసన చూసి వెళ్తే బాగున్నట్టు. తర్వాత కాస్త దూరంగా తాళాల గుత్తి నేల మీద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. ఎంతసేపట్లో తేరుకుందో చూడాలి. పది, ఇరవై సెకన్లలో వచ్చి తాళాలను మూచూస్తే మంచి సంకేతం. మీరున్నంతసేపూ ఆ మూలకే రాకపోతే, దాని పిల్లలు అపార్ట్‌మెంట్ లిఫ్టుకూ రోడ్డు రొదకూ తట్టుకోవడం కష్టం. "దానికి ఇవాళ ఒంట్లో బాగోలేదు" అని తల్లిని గదిలో పెట్టి పిల్లలనే చూపిస్తే, రెండోసారి వెళ్లడం అందుకే.

ఆరోగ్య పత్రాల్లో మూడు చూడండి. తుంటి ఎక్స్‌రే గ్రేడ్ ఏ లేదా బీ ఉండాలి. వెన్నుపాము క్షీణించే డీఎం జబ్బుకు, పిట్యూటరీ మరుగుజ్జుతనానికి జన్యు పరీక్షలు అయి ఉండాలి. మరుగుజ్జుతనం లోపాన్ని మోసే రెండు కుక్కలను కలిపితే సగటున నాలుగింట ఒక పిల్లకు జబ్బు వస్తుంది. ఒకటి మోసేది, రెండోది పూర్తిగా శుభ్రమైనది అయితే ఏ పిల్లకూ రాదు. అందుకే ఒక్క తల్లిదో తండ్రిదో కాక ఇద్దరి పత్రాలూ అడగాలి. అన్నట్టు, ఈ లోపం తోడేలుది కాదు, జర్మన్ షెపర్డ్ వైపు నుంచి వచ్చింది. జనం మాత్రం తోడేలు గురించే భయపడతారు.

మచ్చికకు ఉన్న గడువు

మామూలు కుక్కపిల్ల సుమారు నాలుగు వారాలకు చుట్టుపక్కలకు వెళ్లి చూడటం మొదలుపెడుతుంది. అప్పటికి దానికి చూపూ వినికిడీ వచ్చి ఉంటాయి. తోడేలు పిల్ల రెండు వారాలకే, కళ్లూ చెవులూ ఇంకా సరిగా పనిచేయకముందే, వాసన పట్టుకుని బయల్దేరుతుంది. కొత్తవాటికి అలవాటుపడే గడువు దానికి ముందే మొదలై ముందే ముగుస్తుంది. వుల్ఫ్‌డాగ్ జాతుల్లో ఈ గుణం ఏ మేరకు మిగిలిందన్నది పిల్లపిల్లకూ మారుతుంది. కాబట్టి సగం పని పెంపకందారు ఇంట్లోనే అయిపోవాలి. పిల్లలు కొట్టంలో పెరిగాయా, మిక్సీ మోతా చంటిపిల్లల అరుపులూ వినపడే ఇంట్లో పెరిగాయా అని అడగండి.

ఎనిమిది వారాలకు ఇంటికి తెచ్చాక రోజుకు ఒకటి రెండు కొత్త అనుభవాలు చాలు: గొడుగు, మెట్లు, టోపీ పెట్టుకున్న మనిషి, ఆగి ఉన్న బస్సు. పిల్ల తినగలిగే దూరంలో ఆగండి. చేతిలో చికెన్ ముక్క పెట్టినా ముట్టుకోలేదంటే మరీ దగ్గరికి వెళ్లినట్టు. పది అడుగులు వెనక్కి రండి. లాక్కెళ్తే ఆ ఒక్క రోజుది నెలలపాటు గుర్తుంచుకుంటుంది.

ఒంటరితనం నేర్పడం

ఇళ్లు మారిపోయే వుల్ఫ్‌డాగ్‌లలో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది. కుక్కను అందలమెక్కిస్తే కుచ్చులన్నీ కొరికిందన్నది సామెత. ఇది తలుపు చట్రం కొరుకుతుంది, సోఫా పీకుతుంది, ప్లాస్టిక్ బోనును ముక్కలు చేస్తుంది.

మొదటి వారం ఇంట్లోనే తలుపు వేసి పది సెకన్లు, ముప్ఫై సెకన్లు, రెండు నిమిషాలు. తర్వాత చెప్పులు వేసుకుని గుమ్మం దాటి అదే లెక్క. పిల్ల ప్రశాంతంగా ఉన్నప్పుడే తిరిగి రావాలి. అరుస్తుంటే వచ్చారంటే మీ లెక్క తప్పింది, ఈసారి సగానికి తగ్గించండి. గంట దాకా రావడానికి రెండు మూడు నెలలు పట్టినా తొందర వద్దు. పాత ఫోన్‌ను కెమెరాగా పెట్టి చూడండి. వెళ్తూ గడ్డకట్టిన పెరుగన్నం ఉన్న బొమ్మ ఇవ్వండి. మీరున్నంతసేపూ నాకి, మీరు వెళ్లగానే వదిలేసి, రాగానే మళ్లీ మొదలుపెడితే అది విసుగు కాదు, భయం. బొమ్మల సంఖ్య పెంచితే భయం తగ్గదు.

తొమ్మిది గంటలు ఆఫీసులో ఉండి, ఇంట్లో ఎవరూ లేనివాళ్లకు ఈ జాతి కుదరదు. రెండో కుక్కను తెస్తే సరిపోతుందని కొందరంటారు. దానికి కావాల్సింది మనిషి అయితే, రెండు కుక్కలూ కలిసి అరుస్తాయి.

కంచె

ఎత్తు కనీసం 1.8 మీటర్లు, వీలైతే 2 మీటర్లు. పైన లోపలి వైపుకు 45 డిగ్రీల వాలుతో 50 సెంటీమీటర్ల జాలీ. నేల మీద కంచె అడుగు నుంచి లోపలికి 60 నుంచి 90 సెంటీమీటర్లు జాలీ పరిచి మేకులు దిగ్గొట్టి, మట్టి కప్పండి. కుక్క సరిగ్గా కంచె మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన అరుదు. అల్లిక జాలీ కన్నా 50 మిల్లీమీటర్ల గళ్ల వెల్డెడ్ జాలీ మేలు. అల్లిక జాలీలో పంటితో ఒక తీగ లాగితే వరస మొత్తం ఊడి వస్తుంది.

అందరూ మరిచేది మూలలు. రెండు కంచెలు కలిసేచోట ఒక పక్క ముందు కాళ్లు, ఇంకో పక్క వెనక కాళ్లు ఆనించి నిచ్చెనలా ఎక్కేస్తుంది. మూలల్లో పైన అడ్డంగా మూడు కోణాల రేకు బిగించండి. కంచె పక్కన పూలకుండీ, బెంచీ, కట్టెల మోపు ఉంచొద్దు. గేటు గడియను మూతితో ఎత్తడం నేర్చేస్తుంది. కొక్కెం వేసి తాళం పెట్టండి. వీలైతే రెండు గేట్లు ఉంచి, ఒకటి మూశాకే రెండోది తీయండి.

బయట నడకకు మెడపట్టీకీ, ఛాతీకీ పొట్టకూ రెండుచోట్ల బిగిసే జీనుకూ (హార్నెస్) కలిపి తాడు కట్టండి. బెదిరినప్పుడు కుక్క ముందుకు లాగదు, వెనక్కి వంగి మామూలు జీనులోంచి జారిపోతుంది. ఖాళీ మైదానాల్లో పది మీటర్ల తాడు వాడండి. జింకో కుందేలో కనపడితే పిలుపు వినపడనట్టే ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా

పచ్చి మాంసమే పెట్టాలన్నది అపోహ. 26 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 1,300 నుంచి 1,450 కిలో కేలరీలు చాలు. పిల్లకు పెద్ద జాతుల పప్పీ ఫుడ్ పెట్టి, పైన కాల్షియం పొడి వేయకుండా ఉంటే మంచిది, ఎక్కువైతే ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది. ఏడాదిన్నర దాకా సైకిల్ పక్కన పరిగెత్తించొద్దు.

శిక్షణ మూడు నుంచి ఐదు నిమిషాలు. ఒకే ఆజ్ఞ నాలుగోసారి చెబితే షెపర్డ్ చేస్తుంది, వల్చాక్ మొహం తిప్పుకుంటుంది. నోట్లో ఉన్నది లాక్కోకండి. ఇంకా మంచిది చూపించి మార్చుకోండి, లేకపోతే గుర్రుమనడం నేర్పేది మీరే.

ఆడవి చాలావరకు ఏడాదికి ఒకసారే, శీతాకాలంలో ఎదకు వస్తాయి. ఆ రోజుల్లో ఇంట్లోని ఇంకో ఆడకుక్కను వేరే గదిలో ఉంచండి. అప్పటిదాకా కలిసి పడుకున్నవే అయినా అప్పుడు గొడవలు రక్తం దాకా వెళ్తాయి.