దీవి రిసార్టులో మూడు నాలుగు రోజులు: బయలుదేరే ముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

ఉష్ణమండల దీవిలోని రిసార్టుకు కొద్ది రోజుల సెలవు మీద వెళ్లేవారికి ఎదురయ్యే ఇబ్బందులు చాలావరకు తొందర వల్ల వచ్చేవే. నెల రోజులు ఉండగలిగినవారు మొదట నీటి తీరును గమనిస్తారు, మెల్లగా ఎండకు అలవాటు పడతారు. మూడు నాలుగు రోజులే ఉన్నవారు మాత్రం సామాను గదిలో పెట్టిన గంటలోపే సముద్రంలోకి దిగి, తిరుగు విమానం ఎక్కే రోజు ఉదయం వరకూ ఒక్క సరదానూ వదులుకోవడానికి ఇష్టపడరు. మన సెలవు చిన్నదైనంత మాత్రాన ఎండ తీవ్రత గానీ, ఆటుపోట్ల బలం గానీ తగ్గవు. పైగా పెద్ద ఆస్పత్రి చాలా దీవుల్లో ఉండదు, సముద్రం దాటి వెళ్లవలసిందే. అందువల్ల చేయదలచిన వాటిలో సగాన్ని ఇంటి దగ్గరే వదిలేసి బయలుదేరడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

తేదీలు ఖరారు చేసుకునే ముందు ఆ ప్రాంతపు తుఫాను కాలం ఎప్పుడో చూసుకోవాలి. కరీబియన్ దీవుల్లో అది జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. దక్షిణ పసిఫిక్‌లోనూ నైరుతి హిందూ మహాసముద్రంలోనూ నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు ఉంటుంది. వాయవ్య పసిఫిక్‌లోనైతే ఏ నెలలోనైనా టైఫూన్ (అక్కడి తుఫానుకు పేరు) రావచ్చు. తుఫాను దీవిని తాకకుండా వందల కిలోమీటర్ల దూరం నుంచే వెళ్లిపోయినా పెద్ద అలలు వస్తాయి, పడవలు ఆగిపోతాయి. గదులు చవకగా దొరికే నెలలు చాలాచోట్ల ఇవేనన్న సంగతి మరచిపోకూడదు.

ప్రధాన విమానాశ్రయం నుంచి దీవికి చాలాచోట్ల సీప్లేన్‌లో (నీటి మీద దిగే చిన్న విమానంలో) గానీ, స్పీడ్‌బోటులో గానీ వెళ్లాలి. సీప్లేన్లు సాధారణంగా పగటి వెలుగులోనే నడుస్తాయి కనుక, ప్రధాన విమానాశ్రయంలో సాయంత్రం దిగేవారు ఆ రాత్రి బస ఎక్కడో ముందే తేల్చుకోవాలి. స్పీడ్‌బోటులో ముందు భాగం అలల మీద ఎగిరెగిరి పడుతుంది కాబట్టి గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవారు, పెద్దవయసువారు వెనుక వైపు కూర్చోవాలి. లైఫ్ జాకెట్‌ను ఒళ్లో పెట్టుకోకుండా వేసుకుని కట్టుకోవాలి. రోజూ వాడే మందులను రెండు మూడు రోజులకు సరిపడా అదనంగా, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ప్రయాణ బీమాలో వైద్యం ఖర్చుతో పాటు రోగిని దీవి నుంచి మరోచోటికి తరలించే ఖర్చు కూడా కలిసి ఉన్నదో లేదో, స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటి లోతుకు దిగడం) వంటివి మినహాయింపుల్లో ఉన్నాయో లేవో పాలసీ పత్రం చదివి నిర్ధారించుకోవాలి.

ఇక నీటి విషయం. పగడపు దిబ్బలకూ ఒడ్డుకూ మధ్య ఉండే నీటిని, అంటే లాగూన్‌ను చూస్తే చెరువులా నిశ్చలంగా ఉంటుంది. కానీ దిబ్బ మీదుగా అలలు లోపలికి తోసిన నీరంతా తిరిగి బయటికి పోవాలి కదా, అది దిబ్బల మధ్య సందుల గుండా, ముఖ్యంగా ఆటు వేళ, బలంగా పోతుంది. దిబ్బల అడ్డు లేక సముద్రానికి తెరచి ఉన్న బీచ్‌లలోనూ ఇటువంటిదే జరుగుతుంది, దానిని రిప్ కరెంట్ అంటారు. ఒడ్డున నిలబడి కాసేపు చూస్తే, రెండు పక్కలా అలలు తెల్లని నురుగుతో విరుగుతుండగా మధ్యలో ఒక పట్టీ మేర నీరు ముదురు రంగులో, నున్నగా కనిపించవచ్చు. అలలు లేవన్న ధైర్యంతో ఈత అంతగా రానివారు సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ ప్రవాహపు వేగం ఒక్కోసారి సెకనుకు 2.4 మీటర్ల దాకా చేరుతుంది, అంతటి వేగానికి ఎదురీదడం ఆరితేరిన ఈతగాళ్లకు కూడా సాధ్యం కాదు. చిక్కుకున్నవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, రిప్ కరెంట్ మనిషిని కిందికి ముంచదు, ఒడ్డుకు దూరంగా లాగుతుంది. కాబట్టి దానితో పోరాడి అలసిపోకుండా, తేలుతూ ఒక చేయి పైకెత్తి సాయం కోరాలి. సత్తువ ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గిన తరువాతనే ఒడ్డు వైపు తిరగాలి. రిసార్టులో పడవలు నడిపేవారికి ఆ నీటి తీరు బాగా తెలుసు. ఏ వేళ ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో చేరిన రోజే వారిని అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ లోపలి దృశ్యాలు చూసే స్నార్కెలింగ్‌కు కొత్తవారు ముందుగా నడుము లోతు నీటిలో మాస్కు సరిగ్గా అతుకుతున్నదో లేదో, గొట్టం ద్వారా ఊపిరి తేలికగా ఆడుతున్నదో లేదో చూసుకోవాలి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు బయలుదేరే ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. ఎంత ఈత వచ్చినా ఒంటరిగా వెళ్లకూడదు. వెళ్లేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా వెళితే, అలసిపోయిన వేళకు అదే ప్రవాహం వెనక్కి తెస్తుంది. ఎక్కువసేపు ఊపిరి బిగపట్టడానికి మునిగే ముందు గబగబా దీర్ఘశ్వాసలు తీయడం ప్రాణాంతకం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న తపన పుట్టకముందే నీటిలో స్పృహ తప్పవచ్చు. నీటి మీద కట్టిన విల్లాల్లో గది మెట్ల నుంచే సముద్రం మొదలవుతుంది కనుక, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలు ఒడ్డున ఉన్న గది తీసుకోవడమే మేలు. మునిగిపోతున్న పిల్లలు చాలాసార్లు కేక కూడా వేయలేరు.

ఉష్ణమండలంలో మధ్యాహ్నపు యూవీ సూచిక (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతకు కొలత) తరచుగా 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అది అత్యంత తీవ్రమైన స్థాయి. బోర్లా తేలుతూ చేపలను చూసేవారికి చల్లని నీటిలో మంట తెలియదు, సాయంత్రానికి వీపు, మెడ వెనుక భాగం, పిక్కలు కమిలి ఉంటాయి. నిండు చేతుల ఈత చొక్కా ఏ లేపనం కన్నా నమ్మదగినది. మిగిలిన చోట్ల ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తికి కొలత) 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి, నీటి నుంచి బయటికి వచ్చినప్పుడల్లా రాసుకోవాలి. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని పసిఫిక్ దీవి దేశమైన పలావు 2020 నుంచి, అమెరికా రాష్ట్రమైన హవాయి 2021 నుంచి నిషేధించాయి కాబట్టి కొనే ముందు సీసా మీది వివరాలు చదవాలి.

లోతు తక్కువ నీటిలో నడిచేటప్పుడు గట్టి అడుగు ఉన్న నీటి చెప్పులు వేసుకోవాలి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల దీవుల దగ్గర స్టోన్‌ఫిష్ అచ్చంగా నాచు పట్టిన రాయిలా కదలకుండా పడి ఉంటుంది, దాని వీపు ముళ్లు విషపూరితం. అది గుచ్చుకుంటే, 45 డిగ్రీలు మించకుండా, చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో పాదాన్ని ఉంచి వెంటనే వైద్య సహాయం కోరాలి. బాక్స్ జెల్లీఫిష్ తాకిన చోటును రుద్దకూడదు, మంచినీటితో కడగకూడదు, వెనిగర్ పోయాలి. పగడం గీసుకున్న గాయం చిన్నదిగా కనిపించినా, లోపల ముక్కలు మిగిలితే చీము పడుతుంది. సబ్బుతో, శుభ్రమైన మంచినీటితో బాగా కడిగి, మానేవరకు సముద్రంలో తడపకుండా ఉంచాలి.

స్కూబా డైవింగ్ చేయదలచినవారు దానిని చివరి రోజుకు అట్టిపెట్టుకోకూడదు. నీటి లోతులో రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి సమయం పడుతుంది. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున ఉండేదానికి సమానం కనుక, అంతలోపే విమానం ఎక్కితే ఆ వాయువు బుడగలుగా మారి కీళ్లకు, నరాలకు హాని చేయవచ్చు. ఒక్కసారి మాత్రమే డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు చేసినవారు కనీసం 18 గంటలు ఆగాలని డైవింగ్ భద్రతా సంస్థలు సూచిస్తాయి. 24 గంటలు ఆగగలిగితే ఇంకా మంచిది. దీవి నుంచి తీసుకువెళ్లే సీప్లేన్‌కు కూడా ఈ నియమం వర్తిస్తుంది.

డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూటే కుడుతుంది, ఉదయంపూటా సాయంత్రం చీకటి పడే ముందూ మరింత ఎక్కువగా కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. సన్‌స్క్రీన్ ముందు రాసి, అది ఆరిన తరువాత దోమల మందు రాసుకోవాలి. కుట్టిన 4 నుంచి 10 రోజులకు జ్వరం మొదలవుతుంది గనుక చిన్న సెలవు మీద వెళ్లినవారికి అది ఇంటికి చేరాకే బయటపడుతుంది. తిరిగి వచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే ఏ దీవికి వెళ్లారో వైద్యునికి తప్పక చెప్పాలి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు కనుక, రక్తపరీక్షలో డెంగీ కాదని తేలేవరకు వాటి జోలికి పోకుండా, తగిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే వేసుకోవాలి.