పాత పికప్ హెడ్‌లైట్లకు పూర్తి వెలుగు: నా అనుభవం

మా పాత పికప్ హెడ్‌లైట్లు కొత్త బల్బులు వేసినా పసుపుపచ్చగా, నీరసంగానే వెలుగుతుండడంతో, ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగానే మల్టీమీటరుతో వోల్టేజి కొలిచాను. బ్యాటరీ వద్ద 14 వోల్టులు ఉండగా బల్బు కనెక్టరు వద్ద 11.6 మాత్రమే కనిపించింది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది కాబట్టి, దోషం బల్బులది కాదు, తీగలదే.

ఈ వాహనంలో రెండు బల్బుల కరెంటూ, అంటే సుమారు 9 ఆంపియర్లు, సన్నని తీగల మీదుగా డాష్‌బోర్డులోని అరిగిన స్విచ్చి గుండానే ప్రవహిస్తుంది. అందుకే బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా విప్పి, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి చొప్పున రిలేలు (స్విచ్చి నుంచి వచ్చే చిన్న కరెంటుతో, బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పెద్ద కరెంటును కలిపే పరికరాలు) అమర్చాను. బ్యాటరీ పాజిటివ్ నుంచి, దానికి వీలైనంత దగ్గరలో 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, లావు తీగను రిలే మీద 30 అని రాసి ఉన్న పిన్నుకు కలిపాను. 87వ పిన్ను నుంచి బల్బులకు తీగ లాగి, స్విచ్చి నుంచి వచ్చే పాత హెడ్‌లైటు తీగను 86కు, 85ను ఎర్త్‌కు (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి అయిన వాహనం బాడీకి) ఇచ్చాను. కొన్ని వాహనాల్లో స్విచ్చి ఎర్త్ వైపున ఉంటుంది, వాటికి ఈ అమరిక పనిచేయదు.

చాలామంది పట్టించుకోనిది ఎర్త్. బాడీకి బిగించే చోట పెయింటు, తుప్పు గీకి, మెరిసే లోహం మీదే బిగించి, పైన గ్రీజు పూశాను. నీరు నిలవకుండా రిలే పిన్నులను కిందికి ఉంచాను. ఇప్పుడు కనెక్టరు వద్ద 13.6 వోల్టులు వస్తున్నాయి.