ఆకు చదువు – 4వ పాఠం: టమాటా ఆకు చెప్పే సాక్ష్యం

గత పాఠంలో చిగురు విప్పి ఆకుల వరస లెక్కపెట్టాం. ఈసారి ఆకు రూపాన్ని బట్టి మొక్కకు ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో కనిపెట్టడం నేర్చుకుందాం. ఒక టమాటా మొక్క, భూతద్దం చాలు.

చిగురు మొనలో ఆక్సిన్ అనే హార్మోను ఎక్కడ పోగుపడితే అక్కడ ఆకు పుడుతుంది. 2000లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ శాస్త్రవేత్తలు టమాటా చిగురులో ఆక్సిన్ ప్రయాణాన్ని అడ్డుకున్నారు. చిగురు ఆకుల్లేని బోడి పుల్లలా సాగింది. ఆ పుల్ల మొనకు ఒక పక్క కాస్త ఆక్సిన్ అద్దితే, అద్దినచోటే ఆకు మొలిచింది! ఈ ప్రయోగం మనసుకెక్కితే సగం పాఠం వచ్చినట్టే. పుట్టిన ఆకు అంచున కూడా ఇదే పద్ధతి. ఆక్సిన్ చేరినచోట చిన్న రెక్క పొడుచుకొస్తుంది, తక్కువైనచోట సందు మిగులుతుంది. ఈ హెచ్చుతగ్గులు చెరిగిపోతే ఆకు రూపమూ చెరిగిపోతుంది. సైటోకైనిన్, జిబ్బరెల్లిన్ అనే మిగతా హార్మోన్ల పాత్ర వచ్చే పాఠంలో.

విజయనగరం జిల్లాలో చంపావతి నదికి దగ్గరగా మా పెరడు. గోడ అవతల వరి మడి. నిరుడు అందులో వెడల్పాకు కలుపు కోసం 2,4-డి అనే మందు కొట్టిన రోజు గాలి మా వైపు వీచింది. కొన్నాళ్లకు టమాటా చిగుళ్లు చూసి నా ప్రాణం ఉసూరుమంది. రెక్కలు రిబ్బను ముక్కల్లా సన్నబడ్డాయి. వలలా అల్లుకోవలసిన ఈనెలు గడ్డిపోచలో లాగా పక్కపక్కనే నిలువుగా సాగాయి. 2,4-డి కృత్రిమ ఆక్సిన్. తన సొంత ఆక్సిన్‌ను అవసరం తీరాక విరిచేసుకునే మొక్క, దీన్ని అంత త్వరగా విరవలేదు. అందుకే ఆకు అంచున ఆ హెచ్చుతగ్గులు చెరిగిపోయాయి.

ఇప్పుడు ఆ మొక్కను కింది నుంచి పైకి చదవండి. అప్పటికే ముదిరిన కింది ఆకులు మామూలుగానే ఉన్నాయి. మందు సోకిన నాటికి మొనలో రూపు దిద్దుకుంటున్న ఆకులే చెడ్డాయి. వాటిపైన, కొన్ని వారాల తర్వాత, మళ్లీ చక్కటి ఆకులు వచ్చాయి. ఏ ఆకు దగ్గర రూపం మారిందో చూస్తే మందు పడిన కాలం అందుతుంది.

తెల్లదోమ తెచ్చే ఆకుముడతతో దీన్ని కలిపేయకండి. అందులో ఆకులు చిన్నవై, పసుపుబారి, దొప్పల్లా పైకి ముడుచుకుంటాయి. ఈనెల వల మాత్రం చెదరదు. తర్వాతి చిగుళ్లూ తేరుకోవు. అందుకే తొందరపడి మొక్క పీకేయకుండా, ముందు ఈనెలు చూడండి.

ఈ వారం పని: ఇప్పుడే విచ్చుకుంటున్న ఆకు కాడకు వదులుగా ఎర్రదారం కట్టి, తేదీ రాసుకోండి. పది రోజుల తర్వాత దారానికి పైన ఎన్ని ఆకులు వచ్చాయో లెక్కపెట్టండి.