ఆహార సరుకుల డెలివరీ బండి డ్రైవర్‌గా చేరాలంటే: లైసెన్స్ దరఖాస్తు విధానం

పాల ప్యాకెట్లు, కూరగాయలు, ఐస్‌క్రీమ్, హోటళ్లకు వెళ్లే మాంసం. ఊళ్లోని దుకాణాలకు వీటిని చేరవేసే బండ్లలో చాలావరకు టాటా ఏస్, బొలెరో పికప్ వంటి చిన్న ట్రక్కులే. ఈ పనిలోకి కొత్తగా రావాలనుకునేవారికి తరచూ వినిపించే మాట ఒకటుంది: "కారు లైసెన్స్ పనికిరాదు, ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ ఉండాలి, మేం చేయిస్తాం." ఏజెంటు చేతిలో డబ్బు పెట్టే ముందు చట్టం ఏం చెబుతోందో తెలుసుకోండి.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని వాహనం లైట్ మోటార్ వెహికల్, అంటే ఎల్‌ఎంవీ. ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవారు ఆ పరిమితిలోని సరుకు బండినీ నడపవచ్చని, ప్రత్యేక ట్రాన్స్‌పోర్ట్ అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. బీమా కంపెనీలు దాన్ని ప్రశ్నించడంతో విషయం ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వెళ్లింది. 2024 నవంబరు 6న ఆ ధర్మాసనం కూడా అదే తీర్పు ఇచ్చింది. సరుకు బండికి ఉండే పసుపు నంబర్ ప్లేటు చూసి భయపడాల్సిన పని లేదు. బండి బరువు మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

అందుకు యజమాని మాట చాలదు, ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడండి. అందులో ఖాళీ బండి బరువు ఒకచోట, సరుకుతో కలిపి గరిష్ఠ బరువు మరోచోట ఉంటాయి. లెక్కలోకి వచ్చేది రెండోది. టాటా ఏస్, బొలెరో పికప్ ఈ పరిమితికి చాలా లోపలే ఉంటాయి. వాటికంటే పెద్దవైన డీసీఎం వ్యాన్ల సంగతి వేరు. వాటిలో చాలా బండ్లు 7,500 కిలోలు దాటుతాయి. "చిన్న బండే" అని చెప్పి తాళాలు చేతికిచ్చినా ఆర్‌సీ చూడకుండా స్టీరింగ్ పట్టుకోవద్దు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇప్పటికీ ఏ లైసెన్సూ లేనివారు ఎల్‌ఎల్‌ఆర్‌తో, అంటే నేర్చుకునేవారికిచ్చే లెర్నర్స్ లైసెన్స్‌తో మొదలుపెట్టాలి. వయసు 18 నిండాలి. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి, వయసు, చిరునామా రుజువులు జతచేసి, స్లాట్ తీసుకోవాలి. 40 ఏళ్లు దాటినవారు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ (వైద్య సర్టిఫికెట్) కూడా ఇవ్వాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతికి రూ.150, పరీక్షకు రూ.50 ఫీజు ఉంటుంది. రాష్ట్రం వసూలు చేసే సేవా రుసుము దీనికి అదనం. కంప్యూటర్ మీద రాసే పరీక్షలో రోడ్డు గుర్తులు, నిబంధనల మీద ప్రశ్నలు వస్తాయి. దరఖాస్తులో మీ సొంత ఫోను నంబరే ఇవ్వండి. ఏజెంటు నంబరు ఇస్తే ఓటీపీలన్నీ అతనికే పోతాయి, తర్వాత ప్రతి చిన్న పనికీ అతని దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లగలరు. ఈలోగా ఎర్రటి ఎల్ బోర్డు పెట్టుకుని, లైసెన్స్ ఉన్నవారిని పక్కన కూర్చోబెట్టుకునే నడపాలి. డ్రైవింగ్ పరీక్షకు రూ.300, లైసెన్స్ జారీకి రూ.200. ట్రాక్ మీద ఎక్కువమంది తడబడేది రెండుచోట్ల: బండిని వెనక్కి తీయడం, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం. ఎత్తు మీద హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచండి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఇంజిన్ చప్పుడు మారి, బండి ముందుకు లాగుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు బ్రేక్ వదిలితే బండి వెనక్కి జారదు. సరుకుతో ఫ్లైఓవర్ మీద ఆగినప్పుడు కూడా ఇదే అక్కరకొస్తుంది కాబట్టి బాగా సాధన చేయండి. పరీక్ష తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ హాజరుకావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగాలి.

లైసెన్స్ చేతికొచ్చాక ఆహారానికి సంబంధించిన కాగితాలు చూసుకోవాలి. ఆహారాన్ని ముట్టుకునే, ఎక్కించి దించే పనివారికి ఏటా వైద్య పరీక్ష చేయించాలన్నది ఆహార భద్రతా నిబంధన. కళ్లు, చర్మం పరీక్షిస్తారు, టైఫాయిడ్ వంటి వాటికి టీకాలు వేయించుకున్నారో లేదో చూస్తారు. సర్టిఫికెట్ మీద రిజిస్టర్డ్ డాక్టరు సంతకం ఉండాలి. దీన్ని మొక్కుబడిగా చేయించుకోవద్దు. మీరు దించే పాలు ఎవరో పసిబిడ్డ తాగేవి. అలాగే చల్లటి సరుకును 5 డిగ్రీల లోపు, గడ్డకట్టించిన సరుకును మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఒక్కో దుకాణం ముందు వెనక తలుపు తెరిచి ఉంచి బిల్లు కోసం నిలబడితే, ఆ కాసేపట్లోనే లోపలి చలి బయటికి పోతుంది. ముందు బిల్లు తేల్చుకుని, తర్వాత తలుపు తీయడం అలవాటు చేసుకోండి.

జీతానికి చేరేవారు ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు, అది వ్యాపారం చేసేవారి బాధ్యత. సొంత బండి కొని ఆహార రవాణా మొదలుపెడితే మాత్రం ఆ సంస్థ ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి 14 అంకెల నంబరు పొందాలి. బండికి బీమా, ఫిట్‌నెస్, కాలుష్య సర్టిఫికెట్లు ఉండాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని చట్టంలోనే ఉంది. టాటా ఏస్ కొన్నవారిని పర్మిట్ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఈ సంగతి గుర్తుచేయండి.

మున్ముందు పెద్ద రిఫ్రిజిరేటెడ్ ట్రక్కు నడపాలన్న ఆలోచన ఉంటే, ఎల్‌ఎంవీ లైసెన్స్ వచ్చి ఏడాది నిండాలి, వయసు 20 దాటాలి. ఆ దరఖాస్తుకు వయసుతో సంబంధం లేకుండా ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 రెండూ కావాలి. ఆ లైసెన్స్ ఐదేళ్లు చెల్లుతుంది. గడువు తీరిన ఏడాదిలోపు రెన్యువల్ చేయించుకోకపోతే మళ్లీ ట్రాక్ ఎక్కి పరీక్ష ఇవ్వాల్సిందే.