చెట్టు లోపల చేవా, డొల్లా? చేతి బోరర్‌తో చూడటం ఎలా

గాలివానకి కూలిన చెట్టుని చూసి "నిన్నటిదాకా పచ్చగానే ఉందే!" అంటాం. ఆకుకి నీళ్లు అందించేది బెరడు దగ్గరి చెక్క. నడుమంతా పుచ్చిపోయినా చెట్టు పచ్చగా ఉండగలదు. లోపల గట్టి చెక్క ఎంత మిగిలిందో చూడటానికి ఇంక్రిమెంట్ బోరర్ అనే చేతి పనిముట్టు ఉంది. వడ్రంగి బర్మాకి చుట్టం లాంటిదే. కాకపోతే దీని ములుకు గొట్టంలా బోలుగా ఉంటుంది కాబట్టి, పొట్టుకి బదులు పెన్సిల్ కన్నా సన్నటి చెక్కపుల్ల చేతికొస్తుంది.

అయితే ఇది చెట్టుని గాయపరుస్తుంది. పుచ్చు మొదలైనప్పుడు చెట్టు దాని చుట్టూ అడ్డుగోడ కట్టుకుంటుందని అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో వివరించాడు. మన రంధ్రం ఆ గోడకి కన్నం పెడుతుంది. అందుకే కొట్టాలా, కొమ్మలు తగ్గించాలా, వదిలేయాలా అన్నది ఇంకే రకంగానూ తేలనప్పుడే బోరర్ తీయండి. కొబ్బరి, తాటి చెట్ల జోలికి అసలు వెళ్లొద్దు. వాటి మానుకి పడ్డ గాయం ఎప్పటికీ పూడదు.

1. ముందు చెవికి పని చెప్పండి. కొయ్య సుత్తితో మాను చుట్టూ, మొదలు దగ్గర కూడా తట్టండి. బోలుగా మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. బెరడు మీద కుక్కగొడుగులు, పాత నరుకుల దగ్గర తొర్రలు ఉన్నాయేమో చూడండి.

2. ములుకుని స్పిరిట్‌తో తుడవండి. ఒక చెట్టు తెగులు ఇంకోదానికి అంటించకూడదు. మరలకి కాస్త తేనెమైనం రాయండి. పదును వేలితో చూడకండి, తెగుతుంది.

3. మానుకి లంబంగా ములుకు ఆనించి, ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో కుడివైపు తిప్పండి. మర పట్టుకున్నాక రెండు చేతులూ వేయండి. అసలు కబురు మణికట్టుకే తెలుస్తుంది. బిగువుగా వెళ్తున్నది హఠాత్తుగా తేలికైతే పుచ్చులోకి దిగినట్టే. ఎంత లోతులో తేలికైందో అక్కడే రాసుకోండి. పూర్తిగా పట్టు పోయాక ఇంకా దించకండి. నేనొకసారి పుచ్చిన తురాయిలో అత్యాశకి పోయి దించాను. మరకి పట్టు దొరక్క, వెనక్కి తిప్పితే ఉన్నచోటే గిరగిరా తిరిగింది. పిడికి తాడు కట్టి ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఎడమవైపు తిప్పాల్సి వచ్చింది. చింత లాంటి గట్టి చెక్కలో బలవంతం చేస్తే ములుకే విరగొచ్చు.

4. గొట్టంలోకి, బోరర్‌తో పాటు వచ్చే దోనెలాంటి పొడుగాటి రేకుని బోర్లా దూర్చండి. పిడిని అర చుట్టు వెనక్కి తిప్పితే పుల్ల లోపల తెగుతుంది, రేకు వెల్లకిలా అవుతుంది. ఇప్పుడు లాగితే పుల్ల దాని మీద పడుకుని వస్తుంది. వెంటనే బోరర్ కూడా తీసేయండి, ఆలస్యమైతే చెక్క బిగుసుకుంటుంది.

5. పుల్లని చదవండి. మంచి చెక్క ఒకే ముక్కగా వస్తుంది. పుచ్చినది పొడిగానో, పీచుగానో రాలుతుంది. రంగు ముదిరినంత మాత్రాన పుచ్చు కాదు. టేకులో ముదురు రంగు చేవే కదా! గోటితో నొక్కి చూడండి. 20 సెంటీమీటర్లు దించితే 14 సెంటీమీటర్ల పుల్లే వచ్చిందనుకోండి, తక్కిన ఆరు డొల్లయినా కావాలి, నలిగిన పుచ్చయినా కావాలి.

6. ఇక లెక్క. చుట్టుకొలత 220 సెంటీమీటర్లున్న నిద్రగన్నేరుని తీసుకుందాం. 3.14తో భాగిస్తే అడ్డుకొలత 70, అందులో సగం 35. బెరడు రెండు సెంటీమీటర్లు తీసేస్తే 33. చుట్టూ గట్టి చెక్క ఇందులో 30 శాతం, అంటే సుమారు 10 సెంటీమీటర్లు ఉండాలని ఒక మోటు లెక్క. ఒకవైపు 12 ఉండి ఇంకోవైపు 5 ఉండొచ్చు కాబట్టి ఒక్క రంధ్రంతో తీర్పు చెప్పకండి. అలాగని జల్లెడ చేయనూ వద్దు, రెండు మూడు చాలు. మానుకి బయటికి తెరుచుకున్న తొర్ర ఉంటే ఈ లెక్క సరిపోదు. వేళ్ల సంగతి ఇది చెప్పనే చెప్పదు.

రంధ్రంలో మేకు, మైనం, సిమెంటు ఏదీ కూరకండి. పుల్లని కాగితపు స్ట్రాలో పెట్టి, తేదీ, నేల నుంచి ఎత్తు, ఏ దిక్కున తీశారో రాయండి. కొట్టాల్సిందేనని తేలితే, తెలుగు రాష్ట్రాల్లో చెట్టు కొట్టే ముందు అనుమతి తీసుకోమనే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. అనుమతి అడిగేటప్పుడు ఈ స్ట్రా, మీరు రాసుకున్న కొలతలు వెంట తీసుకెళ్లండి.