గోడ వంకరగా ఉంటే బాత్రూమ్ కౌంటర్‌టాప్ బిగించడం ఎలా?

టేపుతో కొలిచి తిన్నగా కోయించి తెచ్చిన పలకని తీరా గోడకి జరిపితే ఒక మూల ఆనుకుంటుంది, రెండో మూల వేలు దూరేంత సందు. తప్పు పలకది కాదు, నున్నగా కనిపించే గోడ కూడా మధ్యలో పొట్ట వేసి ఉంటుంది.

ముందు కింది క్యాబినెట్‌ని రసమట్టంతో అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ చూసి, తగ్గిన చోట చెక్క ముక్కలు దోపి లెవెల్ చేశాకే గోడకి బిగించండి. తర్వాత మూల సంగతి. మూల నుంచి ఒక గోడ మీద 60 సెంటీమీటర్లు, రెండో గోడ మీద 80 దగ్గర గుర్తు పెట్టి, ఆ రెంటి మధ్య కొలిస్తే సరిగ్గా 100 రావాలి. రాలేదంటే మూలమట్టం తప్పినట్టే.

ఇప్పుడు ఏమీ అంటించకుండా పలకని పెట్టి చూడండి. సందు 3 మిల్లీమీటర్ల లోపైతే సిలికాన్ చాలు. 10 దాకా ఉన్నా, పైన అంచు టైల్స్ వేయబోతుంటే చాలావరకు వాటి మందంలోనే కలిసిపోతుంది. గోడ ఒక్కచోటే ఉబ్బి ఉంటే పలక జోలికి పోకుండా అక్కడ ప్లాస్టరింగ్ కాస్త చెక్కేయడం నయం (లోపల పైపు, వైరు లేవని చూసుకుని).

ఇవేవీ కుదరకపోతేనే కోత. పలక ముందంచుని క్యాబినెట్‌కి సమాంతరంగా పెట్టి, వెనకంచు వెంట మాస్కింగ్ టేప్ అంటించండి. కంపాస్‌ని అన్నిటికంటే పెద్ద సందు ఎంతుందో అంత తెరిచి, మొన గోడకి, పెన్సిల్ టేప్ మీద ఆనేలా ఈ చివర నుంచి ఆ చివరకి లాగండి, మధ్యలో చెయ్యి తిరగకూడదు, కంపాస్ గోడకి ఎప్పుడూ ఎదురుగానే ఉండాలి. గోడలోని ప్రతి గుంతా, మిట్టా ఆ గీతలోకి దిగిపోతాయి. ఆ గీత మీద కోశాక పలక అంతమేర వెనక్కి జరుగుతుంది కాబట్టి ముందు వైపు ఆ మాత్రం ఎక్కువ ఉంచి కొనాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

చెక్క పలకైతే జిగ్సాతో (వంకర గీతలు కోసే కరెంటు రంపం) గీతకి కాస్త బయట, అంటే పారేసే ముక్క వైపు కోసి, మిగిలింది గరుకు కాగితంతో అరగదీయండి. గ్రానైట్ అయితే మీరు చేయి పెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. అట్ట ముక్కలు గోడకి ఆనించి, ఒకదానికొకటి టేపుతో అతికించి, అచ్చు తీసి కోసేవాళ్లకి ఇవ్వండి. రెండు గోడల మధ్య ఇరుక్కునే పలకకీ ఇదే పద్ధతి, కాకపోతే రెండు పక్కలా 2 మిల్లీమీటర్లు వదలాలి, లేదంటే లోపలికి దిగదు. అట్ట మీద ‘పైవైపు’ అని పెద్దగా రాయండి. నేనొకసారి రాయలేదు, తిరగేసి కోసిన పలక ఇప్పటికీ పెరట్లో బల్లగా పడి ఉంది.

చివరగా సిలికాన్. రాతి పలకకి వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, మరక పడుతుంది, న్యూట్రల్ అని రాసున్నది తీసుకోండి. సందుకి రెండు వైపులా టేప్ వేసి, నింపి, వేలితో ఒక్కసారి లాగి, అది ఆరకముందే టేప్ పీకేయండి. ఆ తర్వాత 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దు.